స్పెషల్ టీచర్ కావాలంటే ఏం చూసుకుని కోర్సులో చేరాలి?

డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్న ఒకరు అడిగిన ప్రశ్న ఇది: "ప్రత్యేక విద్యలో ఉపాధ్యాయ శిక్షణ తీసుకోవాలని ఉంది. యూనివర్సిటీలో నిజంగా ఏం నేర్పుతారు? ఏ స్పెషలైజేషన్ తీసుకుంటే మంచిది? నాకు ఓపిక ఎక్కువని అందరూ అంటారు, ఈ వృత్తికి అది సరిపోతుందా?" ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చాలా ఏళ్లు పాఠాలు చెప్పి, ఇప్పుడు ప్రాక్టికల్స్‌కు వచ్చే శిక్షణార్థుల తరగతులను పరిశీలించే పనిలో ఉన్నాను కాబట్టి, నాకు తెలిసినంతలో వివరంగా రాస్తున్నాను.

ముందు సూటిగా సమాధానం చెబుతాను. కోర్సును సిలబస్ చూసి కాదు, ప్రాక్టికల్స్ చూసి ఎంచుకోండి. సిలబస్‌లు పక్కపక్కన పెట్టి చూస్తే పెద్ద తేడా కనిపించదు. పిల్లల వికాసం, వైకల్యాల పరిచయం, అంచనా వేసే పద్ధతులు, బోధన పద్ధతులు, చట్టాలు, తల్లిదండ్రులతో పని, ఇవి దాదాపు అన్నిచోట్లా ఉంటాయి. తేడా అంతా మీరు ఎన్ని వారాలు నిజమైన పిల్లల ముందు కూర్చుంటారు, ఆ సమయంలో అనుభవం ఉన్నవారు ఎవరైనా మీ తరగతిని మొదటి నుంచి చివరి దాకా చూసి, అది ముగిసిన వెంటనే మీతో మాట్లాడతారా లేదా అన్నదానిలోనే ఉంది. ఓపిక విషయానికొస్తే, అది ఉండాల్సిందే, కానీ దానితోనే పని జరగదు. ఓపిక మాత్రమే ఉన్న టీచరు పని చేయని పద్ధతినే ఏడాది పొడవునా ప్రశాంతంగా కొనసాగించి, పిల్లవాడు ఉన్నచోటే ఉండిపోతే దాన్ని అతని వైకల్యం ఖాతాలో వేసేసే ప్రమాదం ఉంది. పిల్లవాడు ఏం చేస్తున్నాడో ఉన్నది ఉన్నట్టు చూడగలగడం, నేర్పాల్సిన పనిని అతనికి అందే ముక్కలుగా విడగొట్టగలగడం, నేర్చుకుంటున్నాడో లేదో అంకెల్లో రాసుకోగలగడం, శిక్షణలో మీరు సంపాదించుకోవలసింది ఇదే.

ప్రాక్టికల్స్ మీద ఇంతగా ఎందుకు పట్టుబడుతున్నానో ఒక ఉదాహరణతో చెబుతాను. నేను పరిశీలించిన ఒక శిక్షణార్థి, మాటలు రాని ఒక చిన్నారికి రెండు బొమ్మల కార్డులు ముందు పెట్టి, పేరు చెప్పిన కార్డును తీసి ఇవ్వడం నేర్పుతున్నారు. రికార్డులో వారం రోజులుగా దాదాపు అన్నీ సరైన జవాబులే. తరగతి చూస్తుంటే నాకు కార్డుల కన్నా టీచరు కళ్ల మీదే దృష్టి పోయింది. "బంతి" అనగానే ఆమె చూపు ఒక్క క్షణం బంతి కార్డు వైపు వాలుతోంది, పాప చేయి ఆ తర్వాతే కదులుతోంది. ఆమెను పాప వెనక కూర్చుని అడగమన్నాను. జవాబులు సగానికి పడిపోయాయి, అంటే కళ్లు మూసుకుని తీసినా వచ్చేటన్ని. పాప బంతి బొమ్మను నేర్చుకోలేదు, టీచరు ముఖాన్ని చదవడం నేర్చుకుంది, అది కూడా చాలా తెలివిగా. ఆ శిక్షణార్థి బాగా చదువుకున్నవారే, పరీక్షల్లో మంచి మార్కులు తెచ్చుకున్నవారే. అయినా ఎవరి చూపు వారికి కనబడదు కాబట్టి, పక్కన మరొకరు ఉండి తీరాలి.

ఇది చిన్న విషయం కాదు. టైపింగ్ చేస్తున్న వ్యక్తి చేతిని సహాయకులు పట్టుకుని ఆసరా ఇచ్చే "ఫెసిలిటేటెడ్ కమ్యూనికేషన్" అనే పద్ధతి 1990 తర్వాత అమెరికాలో చాలా వేగంగా వ్యాపించింది. మాటలు రాని పిల్లలు హఠాత్తుగా పూర్తి వాక్యాలు రాస్తున్నారని తల్లిదండ్రులు ఎంతో సంతోషించారు. తర్వాత సహాయకులకు ఒక బొమ్మ, పిల్లలకు మరో బొమ్మ చూపించి పరీక్షిస్తే, టైపు అయ్యింది సహాయకులు చూసిన బొమ్మ పేరు. ఆ సహాయకులు మోసం చేయలేదు, తమ చేయే అక్షరాలను ఎంచుకుంటోందని వారికే తెలియదు. 1994లో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ ఆ పద్ధతికి శాస్త్రీయ ఆధారం లేదని తీర్మానం చేసింది. మీ కోర్సులో పరిశోధన పద్ధతుల పేపరు ఒకటి ఉంటుంది, దాన్ని గట్టెక్కితే చాలనుకునేవారే ఎక్కువ. ఆశతో ఉన్న కుటుంబానికి ఎవరు ఏం అమ్మజూపినా, "దీన్ని ఎలా పరీక్షించారు?" అని అడగగలిగే శక్తి మీకు ఆ పేపరే ఇస్తుంది. కళ్లతో నేర్చుకునేవారు, చెవులతో నేర్చుకునేవారు అని పిల్లలను విడదీసి బోధించాలనే మాట కూడా మీరు వింటారు. అలా విడదీసి బోధిస్తే మేలు జరుగుతుందనడానికి తగిన ఆధారాలు లేవని 2008లో నలుగురు మనస్తత్వ శాస్త్రవేత్తలు పరిశోధనలన్నీ సమీక్షించి తేల్చారు. అయినా ఆ మాట శిక్షణ తరగతుల్లో ఇప్పటికీ వినబడుతూనే ఉంది.

ఇక యూనివర్సిటీలో నేర్పే వాటిలో ఏది గట్టిగా పట్టుకోవాలో చెబుతాను. మొదటిది టాస్క్ ఎనాలిసిస్. చేతులు కడుక్కోవడం మనకు ఒకే పని. కుళాయి తిప్పడం, చేతులు తడపడం, సబ్బు తీసుకోవడం, అరచేతులు రుద్దడం, వేళ్ల మధ్య రుద్దడం, కడగడం, కుళాయి కట్టేయడం, తుడుచుకోవడం, ఇలా విడగొడితే గాని పిల్లవాడు ఎక్కడ ఆగిపోతున్నాడో తెలియదు. పుస్తకంలో ఇంతవరకు సులభంగానే ఉంటుంది. కష్టమంతా సాయం అందించడంలో, అంతకన్నా ఎక్కువగా ఆ సాయాన్ని వెనక్కి తీసుకోవడంలో ఉంటుంది. చేయి పట్టి చేయించడం, సైగ చేయడం, నోటితో చెప్పడం, ఈ మూడింటిలో నోటి మాటే అన్నిటికన్నా తేలికైన సాయమని కొత్తవారు అనుకుంటారు. నా అనుభవంలో మానిపించడానికి అన్నిటికన్నా కష్టమైనది అదే. ప్రతి మెట్టు దగ్గరా టీచరు "ఊఁ, తర్వాత?" అంటూ పోతే, పిల్లవాడు సబ్బు చేతిలో పట్టుకుని ఆ "తర్వాత?" కోసం ఎదురుచూస్తూ నిలబడతాడు. అతనికి ఎనిమిది మెట్లూ వచ్చు, కానీ ఒక మెట్టు నుంచి మరో మెట్టుకు వెళ్లడం మాత్రం టీచరు గొంతులోనే ఉండిపోయింది. అందుకే చాలాసార్లు నేను చివరి మెట్టు నుంచి వెనక్కి నేర్పమంటాను. చొక్కా వేసుకోవడమైతే అన్నీ మనమే చేసి ఆఖరి గుండీ ఒక్కటి పిల్లవాడికి వదిలేయడం, అది వచ్చాక చివరి రెండు గుండీలు వదిలేయడం. పని పూర్తి చేసిన తృప్తి మొదటి రోజు నుంచే అతనికి దక్కుతుంది.

రెండోది వ్యక్తిగత విద్యా ప్రణాళిక, అందరూ ఐఈపీ అనేది. అమెరికాలో 1975లో వచ్చిన చట్టం వైకల్యం ఉన్న ప్రతి విద్యార్థికీ ఇటువంటి రాతపూర్వక ప్రణాళిక ఉండాలని నిర్దేశించింది, ఆ తర్వాత పేర్లు మారుతూ ఈ పద్ధతి అనేక దేశాలకు చేరింది. శిక్షణార్థులు రాసే ప్రణాళికల్లో "చదవడంలో మెరుగుపడుతుంది", "తోటివారితో బాగా కలుస్తాడు" వంటి లక్ష్యాలు కుప్పలుగా కనిపిస్తాయి. ఏడాది చివర వాటిని సాధించారో లేదో ఎవరూ చెప్పలేరు. "గుణింతాలున్న రెండక్షరాల పదాలు పది ఇస్తే, సాయం లేకుండా కనీసం ఎనిమిది, వరుసగా మూడు రోజులు చదువుతుంది" అని రాస్తే తల్లికీ అర్థమవుతుంది, వచ్చే ఏడాది వచ్చే టీచరుకూ అర్థమవుతుంది. ఇలా రాయాలంటే ఆ పాప ఈ రోజు ఎన్ని చదవగలదో ముందు తెలియాలి. మొదటి వారం బోధించకుండా, ఉన్న స్థితిని నమోదు చేయడానికే కేటాయించే కోర్సులంటే నాకు గౌరవం. రాగానే లెసన్ ప్లాన్ రాయించి తరగతిలోకి పంపేసే చోట్ల శిక్షణార్థి తన పాఠాన్ని ఒప్పజెప్పి వస్తారు తప్ప, ఎదురుగా ఉన్న పిల్లవాడిని తెలుసుకోరు.

మూడోది ప్రవర్తన. దీని గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే కొత్త టీచర్లు ఉద్యోగం వదిలేయడానికి ప్రవర్తన సమస్యలే ప్రధాన కారణం కావడం నేను చూస్తున్నాను. ఒక పాప పుస్తకాలు విసిరేస్తోంది. శిక్షణార్థి రికార్డులో "ఏ కారణమూ లేకుండా విసిరింది" అని రాశారు. అలా కాకుండా ప్రతిసారీ మూడు గళ్లలో రాయమన్నాను: దానికి ముందు ఏం జరిగింది, పాప ఏం చేసింది, ఆ తర్వాత ఏం జరిగింది. నాలుగైదు రోజులకే వరుస కనబడింది. అందరి ముందు గట్టిగా చదవమని అడిగినప్పుడల్లా పుస్తకం ఎగిరేది, ఎగిరినప్పుడల్లా పాపను బయట కూర్చోబెట్టేవారు. టీచరు దృష్టిలో అది శిక్ష, పాప దృష్టిలో చదవాల్సిన గండం తప్పిపోవడం. ఆ పాపకు "కాసేపు ఆగుదాం" అని రాసిన ఒక కార్డు ఇచ్చి, దాన్ని చూపిస్తే నిజంగానే కాసేపు ఆపి, అదే సమయంలో చదవాల్సిన భాగాన్ని తనకు వచ్చినంత స్థాయికి తగ్గించారు. విసరడం ఒక్కరోజులో పోలేదు గాని, క్రమంగా కార్డు దాని స్థానంలోకి వచ్చింది. ఇది మేము కనిపెట్టిందేమీ కాదు. సమస్యాత్మక ప్రవర్తన ద్వారా పిల్లలు దేన్ని అడుగుతున్నారో గుర్తించి, అదే విషయాన్ని అడగడానికి మరో మార్గం నేర్పితే ఆ ప్రవర్తన తగ్గుతుందని కార్, డ్యురాండ్ అనే పరిశోధకులు 1985లోనే చూపించారు. మీ కోర్సులో దీన్ని ఒక అధ్యాయంగా చదివించి వదిలేస్తారా, లేక ఒక నిజమైన విద్యార్థి మీద రికార్డు రాయించి చర్చిస్తారా అన్నది చేరే ముందే కనుక్కోండి.

స్పెషలైజేషన్ సంగతి. చాలా కోర్సుల్లో దృష్టి లోపం, వినికిడి లోపం, మేధో వైకల్యం, ఆటిజం, అభ్యసన వైకల్యాలు, బహుళ వైకల్యాలు అని విభాగాలు ఉంటాయి, కొన్నిచోట్ల ఏ విభజనా లేకుండా అన్నీ కలిపి నేర్పుతారు. ఉద్యోగాలు దేనికి ఎక్కువ అని లెక్కవేసుకునే ముందు ఒకటి ఆలోచించండి. వినికిడి లోపం, దృష్టి లోపం విభాగాలు ఒక భాషనో, ఒక లిపినో పూర్తిగా సొంతం చేసుకోమని అడుగుతాయి. సంకేత భాష నాలుగు సైగల పట్టిక కాదు. దానికి సొంత వ్యాకరణం ఉంది, సెమిస్టరులో ఒక పేపరుతో రాదు, ఆ భాష మాట్లాడేవారి మధ్య ఉంటేనే వస్తుంది. బ్రెయిలీ ఆరు చుక్కలే అయినా, వేలితో వేగంగా చదివే విద్యార్థికి గణిత సంకేతాలతో సహా నేర్పాలంటే మీకు అందులో తడబాటు ఉండకూడదు. ఈ రెంటిలో దేన్నైనా ఎంచుకుంటే, కోర్సు గంటలకు బయట కూడా దానికి రోజూ సమయం ఇవ్వగలరో లేదో చూసుకోండి. మిగిలిన విభాగాల విషయంలో మరీ మథనపడవద్దని నా సలహా. మీ తరగతిలోకి వచ్చే పిల్లలు ఒక్కో విభాగానికి సరిగ్గా సరిపోయేలా రారు. మూర్ఛ కూడా ఉన్న ఆటిజం పిల్లవాడు, చూపు తక్కువగా ఉన్న సెరిబ్రల్ పాల్సీ పాప, ఇలా కలిసే ఉంటాయి.

అభ్యసన వైకల్యాల విభాగంలో చేరేవారికి ప్రత్యేకంగా ఒక మాట. డిస్లెక్సియా, అంటే చదవడం, రాయడంలో ఎదురయ్యే ప్రత్యేక ఇబ్బంది, దాని మీద మీరు చదివే పాఠ్యపుస్తకాలు అధికభాగం ఇంగ్లీషు చదువుల ఆధారంగా రాసినవి. మన లిపి నడక వేరు. ఇక్కడ అక్షరానికీ శబ్దానికీ పొత్తు నిలకడగా ఉంటుంది, కానీ నేర్చుకోవాల్సిన రూపాలు చాలా ఎక్కువ. "శక్తి" అన్న పదం చూడండి. గుడి "క" మీద కనిపిస్తుంది, పలికేటప్పుడు మాత్రం అది కింద ఉన్న "త" తర్వాత వస్తుంది. చదవడంలో ఇబ్బంది ఉన్న పిల్లలు దీన్ని "శకిత" అని చదవడం నేను తరచుగా వింటాను, కంటికి కనిపించిన వరుసలో అది సహేతుకమైన జవాబే. ఇంగ్లీషు పుస్తకంలోని పొరపాట్ల జాబితాలో ఇది దొరకదు. కాబట్టి మీరు నేర్పబోయే భాషలో పిల్లలు చేసే పొరపాట్లను మీరే ఒక నోట్సులో సేకరించుకోవాలి. నేను చూసినంతలో ఆ నోట్సు ఉన్నవారే మంచి రీడింగ్ టీచర్లు అయ్యారు.

చరిత్ర పేపరును దాటవేయవద్దు. 1880లో మిలాన్‌లో జరిగిన అంతర్జాతీయ సదస్సు, బధిర పిల్లలకు సంకేత భాషలో కాకుండా నోటి మాటతోనే బోధించాలని తీర్మానించింది. ఆ తర్వాత దశాబ్దాల పాటు ఎన్నో పాఠశాలల్లో పిల్లలు చేతులతో మాట్లాడుకోవడాన్ని నిషేధించారు, బధిర ఉపాధ్యాయులు ఉద్యోగాలు కోల్పోయారు. ఆ తీర్మానాలను తోసిపుచ్చి విచారం ప్రకటించింది 2010లో, వాంకూవర్‌లో జరిగిన అదే వరుస సదస్సులో. పిల్లలకు మేలు చేస్తున్నామన్న నమ్మకంతోనే ఇదంతా జరిగింది. "ఈ పిల్లలు సాధారణ పాఠశాలలో చదవలేరు" అన్న మాట కూడా అంతే నమ్మకంతో చాలాకాలం చలామణీ అయ్యింది. 1994లో స్పెయిన్‌లోని సలమాంకాలో 92 ప్రభుత్వాల ప్రతినిధులు కలిసి సమ్మిళిత విద్యను, అంటే వైకల్యం ఉన్న పిల్లలు అందరితో కలిసి సాధారణ పాఠశాలలో చదవడాన్ని, సమర్థిస్తూ ప్రకటన చేశారు. 2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడికలోని 24వ అధికరణం దాన్ని హక్కుగా రాసింది. ఈ మార్పు వల్ల మీ ఉద్యోగం తీరు కూడా మారింది. రోజులో కొంత భాగం మీరు పిల్లలతో కాదు, రెగ్యులర్ టీచర్లతో కూర్చుని వాళ్ల పాఠాన్ని ఈ విద్యార్థికి ఎలా అందించాలో ఆలోచిస్తారు. పెద్దవారితో సర్దుకుని పనిచేయడం చేతకాకపోతే, పిల్లలతో ఎంత బాగా ఉన్నా ఈ వృత్తిలో ఇబ్బంది పడతారు.

అర్హత నియమాలు దేశానికో రకంగా ఉంటాయి. ఫిన్లాండ్‌లో మాస్టర్స్ స్థాయి చదువు ఉండాలి, అప్పటికే తరగతి ఉపాధ్యాయులైన వారు 60 క్రెడిట్ల ప్రత్యేక అధ్యయనం పూర్తిచేసి ఇటువైపు రావచ్చు. ఇంగ్లండులో ముందు సాధారణ ఉపాధ్యాయ అర్హత సంపాదించి, ఆపై ప్రత్యేక అర్హతలు చేర్చుకుంటారు. భారతదేశంలో భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ) గుర్తించిన కోర్సు పూర్తిచేసి, ఆ మండలిలో పేరు నమోదు చేయించుకోవాలి. మీరు ఎక్కడ పనిచేయాలనుకుంటున్నారో అక్కడి నియంత్రణ సంస్థ జాబితాలో ఆ కోర్సు, ఆ సంస్థ రెండూ ఉన్నాయో లేదో డబ్బు కట్టే ముందు స్వయంగా చూసుకోండి, ప్రాస్పెక్టస్‌లో రాసినదాన్ని మాత్రమే నమ్మవద్దు. దూరవిద్యలో థియరీ చదవడాన్ని నేను తప్పుపట్టను. కానీ ప్రాక్టికల్స్ సర్టిఫికెట్ మీద సంతకం పెట్టించుకు వస్తే చాలనే చోటుకు మాత్రం వెళ్లవద్దు, ఆ లోటు మొదటి ఉద్యోగంలో మీ విద్యార్థుల మీద పడుతుంది.

కోర్సులు తరచుగా వదిలేసే విషయాలు కొన్ని ఉన్నాయి, వాటిని మీరే అడిగి నేర్చుకోవాలి. మూర్ఛ వచ్చినప్పుడు నోట్లో ఏమీ పెట్టకూడదని, పక్కకు తిప్పి పడుకోబెట్టాలని, సమయం చూసుకోవాలని, అయిదు నిమిషాలు దాటితే అత్యవసర వైద్య సహాయం పిలవాలని తెలియకుండా ఎవరూ తరగతిలోకి అడుగుపెట్టకూడదు. మరుగుదొడ్డి వాడటం నేర్పేటప్పుడు పిల్లల మర్యాద కాపాడటం ఎలాగో కూడా నేర్చుకోవాలి. పదిహేనేళ్ల అబ్బాయికి పసిపిల్లల పాటలతో లెక్కలు చెప్పే తరగతులు నేను చూశాను, అతని స్థాయి ఒకటో తరగతిదే కావచ్చు గాని అతని వయసు పదిహేనే. బస్సు నంబర్లతో, చిల్లర డబ్బులతో అదే లెక్క చెప్పవచ్చు.

తల్లిదండ్రులతో మాట్లాడటం అన్నిటికన్నా పెద్ద లోటు. మొదటి సమావేశంలోనే పిల్లవాడికి రానివన్నీ చదివి వినిపించే నివేదికలు రాయడం మనకు అలవాటు చేస్తారు. ఆ తల్లి అప్పటికే ఆ మాటలు ఎన్నో గదుల్లో విని ఉంటుంది. నేను శిక్షణార్థులను ముందు ఆమెనే అడగమంటాను: ఇంట్లో బాబు తనంతట తాను ఏం చేస్తాడు, ఏది కావాలనుకున్నప్పుడు ఎలా అడుగుతాడు, ఏ సమయంలో అన్నిటికన్నా ఎక్కువ ప్రశాంతంగా ఉంటాడు. చాలాసార్లు పరీక్ష పట్టికల్లో లేని సమాచారం అక్కడే దొరుకుతుంది. "ఎప్పటికి మామూలుగా అవుతాడు?" అని ఆమె అడిగితే అబద్ధం చెప్పవద్దు, జోస్యమూ చెప్పవద్దు. వచ్చే మూడు నెలల్లో ఏం నేర్పబోతున్నారో, దాన్ని ఎలా గమనిస్తారో చెప్పండి, ఆ మాట నిలబెట్టుకోండి.

దరఖాస్తు పెట్టే ముందు ఒక పని చేయమని కోరుతున్నాను. ప్రత్యేక పాఠశాలలోనో, సమ్మిళిత పాఠశాలలోనో అనుమతి తీసుకుని కనీసం ఒక వారం తరగతి వెనక కూర్చోండి. పిల్లల పేర్లు, ఫొటోలు వద్దు. ఒక్క విద్యార్థిని ఎంచుకుని పదేసి నిమిషాల పాటు కనిపించింది మాత్రమే రాయండి. "మొండిగా ఉన్నాడు" అని కాకుండా "పెన్సిల్ ఇచ్చిన వెంటనే బల్ల కిందికి జారాడు" అని రాయడం మీకు ఆసక్తిగా అనిపిస్తే, రాసిన కొద్దీ ఇంకా చూడాలనిపిస్తే, ఈ చదువు మీకు నచ్చుతుంది. ఆ తర్వాత మీరు అనుకుంటున్న విభాగానికి ఫోన్ చేసి, ప్రాక్టికల్స్ మొత్తం ఎన్ని వారాలు, ఒక సూపర్‌వైజరు కింద ఎంతమంది శిక్షణార్థులు ఉంటారు, వారు ఒక్కో శిక్షణార్థి తరగతిని పూర్తిగా ఎన్నిసార్లు కూర్చుని చూస్తారు అని అడగండి. కుదిరితే నిరుడు అక్కడ చదివినవారిని కూడా ఇవే ప్రశ్నలు అడిగి, రెండు జవాబులనూ పోల్చి చూసుకోండి.